మహమ్మారియు విదేశవిద్యయు

2020వ సంవత్సరపు వేసవిలో తెలుగుదేశమునందలి వేలకొలది గృహములలో నొక్కటే ప్రశ్న రేయింబవళ్లు చర్చింపబడెను. కుమారునకో కుమార్తెకో అమెరికాయందో, ఆస్ట్రేలియాయందో, ఇంగ్లండునందో విశ్వవిద్యాలయమున ప్రవేశము లభించినది. బ్యాంకువారు ఋణమిచ్చుటకు సమ్మతించిరి. పెట్టెలు కొనుటయైనది, ఆవకాయ జాడీకి మూతగూడ కట్టుటయైనది. అంతలో లోకమంతయు తలుపులు మూసికొనెను. ఇప్పుడు పోవలెనా, నిలువవలెనా? నిలిచినచో నా యవకాశము మరల వచ్చునా? పోయినచో వెనుక నున్న వృద్ధుల గతి యేమి?

ఆ యుపద్రవము గడచినది. ప్రపంచారోగ్యసంస్థ 2020 జనవరి 30వ తేదీన ప్రకటించిన యత్యవసరస్థితిని 2023 మే 5వ తేదీన నెత్తివేసెను. వ్యాధితోపాటు ప్రశ్నయు తొలగిపోయినదని మనవారు తలచుచున్నారు. నాకట్లు తోచదు. ఆ సంవత్సరము దానిని గూర్చి తర్కించిన వారు తక్కువ, తొందరపడిన వారెక్కువ. విమానము దొరకినవాడు పోయెను, దొరకనివాడు నిలిచెను. తరువాత నెవరికి వారు తాము చేసినదే ధర్మమని సమర్థించుకొనిరి. ఇట్టి మహమ్మారి మరల రాదని వైద్యులెవ్వరును మాట యిచ్చియుండలేదు. కావున తీరిక యున్నపుడే యీ విషయమును విచారించుట మంచిది.

మన పూర్వులకును సముద్రయానమునకును గల వైరము చదువరు లెరిగినదే. బోధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో చేర్చినది. 1888లో మోహనదాసు గాంధి న్యాయశాస్త్రము చదువుటకై లండనునకు ఓడ యెక్కబోగా నాయన కులమువారు సభచేసి వెలివేసిరి. పోయివచ్చినవాడు ప్రాయశ్చిత్తము చేసికొనవలసి యుండెను. సంస్కారప్రియులు ఆ నిషేధముతో పోరాడి గెలిచిరి, గెలుచుట మేలే. కాని యొక దురాచారము చచ్చునపుడు దాని ప్రేతము వేరొక దేహమున ప్రవేశించుట కలదు. నేడు పోయినవానికి గాక పోనివానికి ప్రాయశ్చిత్తము విధింపబడుచున్నది. ఎదురింటివారి పిల్లవాడు డల్లసులో నుండగా మనవాడింకను వసారాలో కూర్చుండి పత్రిక చదువుచున్నాడేమని బంధువులు ప్రశ్నింతురు. పెండ్లిసంబంధములు చూచువారు వరుని గుణమునకు ముందు వాని వీసాను విచారింతురు. "పోయెనా?" యని వెలివేసిన లోకమే నేడు "పోలేదా?" యని వెలివేయుచున్నది. మహమ్మారి కాలమున గూడ ననేక కుటుంబములను ముందుకు త్రోసినది విద్యాతృష్ణ కంటె నీ ప్రశ్నకు వెరపే యని నా యభిప్రాయము. మొదట దీనిని లెక్కనుండి తీసివేసినగాని తక్కిన లెక్క తేలదు.

ఇక దేహమునకు గల యపాయము. ఆ దినములలో తల్లులందరు నడిగినది, "అక్కడ క్షేమమేనా?" యని. ఇది సహజమైన ప్రశ్న. కాని సరియైన ప్రశ్న గాదు. కోవిడ్ వ్యాధి వయస్సును చూచి చంపినది. ఇరువది రెండేండ్ల యారోగ్యవంతునకు దానివలన ప్రాణభయ మత్యల్పము. అరువదియైదేండ్లు దాటి మధుమేహము గల తండ్రికి మిక్కిలి యధికము. అనగా ప్రయాణమయ్యెడు వానికంటె ప్రయాణము చేయించెడు వారికే ముప్పు. ఆ ముప్పు పిల్లవాడు హైదరాబాదున నున్నను షికాగోలో నున్నను తగ్గునది కాదు. పైగా బజారునుండి వ్యాధిని తల్లిదండ్రులకు తెచ్చి యిచ్చువాడు తరచుగా నింటిలోని యువకుడే. మన దేశమున 2020 జనవరి 30న నిర్ధారణమైన మొదటి కేసు చీనాదేశపు వూహాను నగరమునుండి కేరళమునకు తిరిగివచ్చిన యొక వైద్యవిద్యార్థినిదని ప్రభుత్వమే ప్రకటించినది. అందామె తప్పేమియు లేదు. విద్యార్థులు తిరుగువారు గనుక వ్యాధియు వారితో తిరుగును. కావున "పిల్లవానికి క్షేమమా?" యను విచారము పిల్లవానిపై ప్రేమచేత పుట్టినదైనను, ధర్మవిచారమున దానికి గల స్థానము స్వల్పము.

అట్లయిన నసలు విచారింపదగినదేమి? పోవువాడు దేనికొరకు పోవుచున్నాడో అది ముందు తెలియవలెను. విదేశవిద్య యను నొక్కమాటలో మూడు వస్తువులు మూటగట్టబడియున్నవి: జ్ఞానము, పట్టము, స్థిరవాసము. సామాన్యకాలమున నీ మూడును కలిసియే వచ్చును గనుక వీనిని వేరుచేసి చూపవలసిన పని యుండదు. 2020లో నవి విడిపోయెను. జ్ఞానము కంప్యూటరు తెరమీదికి వచ్చినది. న్యూయార్కులో మధ్యాహ్నము రెండుగంటల తరగతి మనకు రాత్రి పదునొకండున్నర. ఎందరో పిల్లలు గోదావరి జిల్లాలలోని గ్రామములలో, పెద్దలు నిద్రించుచున్న యింటిలో, చెవులకు తీగలు తగిలించుకొని, అమెరికా యాచార్యుని యుపన్యాసమును వినిరి. పట్టమున కేలోటును రాలేదు, రుసుమునకును రాలేదు. హార్వర్డు కళాశాల బోధన యంతయు దూరమునుండియే జరుగునని ప్రకటించియు, 2020-21 సంవత్సరమునకు 49,653 డాలర్ల పూర్తి రుసుమునే పుచ్చుకొనెను. ప్రిన్స్టను మాత్రము నూటికి పది తగ్గించెను. ఇక మూడవదైన స్థిరవాసము విషయమున, అమెరికా యధ్యక్షుడు 2020 జూను 22న హెచ్-1బి వీసాలపై క్రొత్తగా వచ్చువారి ప్రవేశమును నిలిపివేసెను. ఆ యాజ్ఞ 2021 మార్చి చివరివరకు నమలులో నుండెను.

ఈ మూటలో తనకు కావలసినది జ్ఞానమే యైనవాడు ఒక సంవత్సరము వేచియుండుటవలన కోల్పోవునది తక్కువ. ప్రయోగశాలయు, సహాధ్యాయుల సాంగత్యమును, ఆచార్యుని ముఖాముఖి సంభాషణమును లేని విద్యకు సంపూర్ణమూల్య మిచ్చుట వివేకము గాదు. పట్టమే కావలసినవాడు ఇంట కూర్చుండియే దానిని సంపాదింపవచ్చునేమో విచారించి యుండవలసినది. స్థిరవాసము కోరువాడు మాత్రము తాను కోరునది విద్య గాదని తనతో తానైన నొప్పుకొనవలెను. స్థిరవాసము కోరుట పాపము కాదు. పొట్టకూటికై వలసపోయిన వారి సంతతివారమే మనలో పలువురము. కాని యొకదాని పేరు చెప్పి వేరొకటి కొనువాడు వెల నిర్ణయింపజాలడు. అమీర్‌పేటయందలి కన్సల్టెన్సీలవారు మూటను విప్పి చూపరు. చూపినచో వారి వ్యాపారము సాగదు.

అనిశ్చయమున నెట్లు నిశ్చయింపవలెనను ప్రశ్న వీని యన్నిటికంటె కఠినమైనది. ఆ కాలపు ప్రభుత్వాజ్ఞలు వారమున కొకటి చొప్పున మారుచుండెను. దూరమునుండియే తరగతులన్నియు వినువారు అమెరికాయందు నిలువరాదని 2020 జూలై 6న నొక యాజ్ఞ వెలువడెను. జూలై 8న హార్వర్డును, మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థయు న్యాయస్థానమున వ్యాజ్యెము వేసెను. జూలై 14న ప్రభుత్వ మాజ్ఞను వెనుకకు తీసికొనెను. ఎనిమిది దినములలో లక్షల విద్యార్థుల జీవితములు ఒకమారు తలక్రిందులై మరల నిలువబడెను. ఆస్ట్రేలియా 2020 మార్చి 20న పరదేశీయులకు ద్వారములు మూసి, టీకా వేసికొనిన విద్యార్థులకు 2021 డిసెంబరు 15న గాని తెరువలేదు. ఇరువదియొక్క మాసములు! సెలవులకై ఇంటికి వచ్చినవాడు తన గది తాళపుచెవి చేత పట్టుకొని రెండు సంక్రాంతులు చూచెను. చీనాలో వైద్యము చదువుచున్న భారతీయ విద్యార్థులు ఇరువదివేలకు పైబడిన వారు. వారిలో తెలుగువారును గలరు. 2020 ఆరంభమున నిండ్లకు చేరిన వారికి చీనా ప్రభుత్వము వీసాలు మరల నిచ్చుట 2022 ఆగష్టులో మొదలిడెను. ఈలోపల తెరమీద నేర్చిన వైద్యము చెల్లదని మన జాతీయ వైద్య మండలి 2022 ఫిబ్రవరిలో ప్రకటించెను. శవపరీక్ష చేయని వైద్యుని, నాడి పట్టని వైద్యుని చేతిలో మన మెవ్వరమును ప్రాణము పెట్టము గనుక మండలిని నిందింపలేము. ఆ పిల్లలనును నిందింపలేము.

ఇట్టి చీకటిలో, మరల సరిదిద్దుకొనుటకు వీలైన మార్గమునే యెన్నుకొనవలెనని బుద్ధిమంతులు చెప్పుదురు. సామాన్యముగ నిది మంచి నియమమే. ప్రవేశమును ఒక యేడు వాయిదా వేయించుకొనిన వచ్చు నష్టము కొలవదగినది. ఋణము తెచ్చి, పోయి, మధ్యలో చిక్కుకొనిన వచ్చు నష్టము కొలవరానిది. 2020-21లో అమెరికా విశ్వవిద్యాలయములలో క్రొత్తగా చేరిన విదేశవిద్యార్థుల సంఖ్య అంతకుముందటి యేటికంటె నూటికి 46 వంతులు తగ్గినది. అనగా లోకమున పలువురీ నియమమునే పాటించిరి. అయినను నీ నియమము నందరికి నొకటిగ వర్తింపజేయుటయందొక మోసము కలదు. కుమారుని వాయిదా వాయిదాయే. కుమార్తె వాయిదా పెండ్లి. ఒక సంవత్సరము ఖాళీగా నున్న పిల్లను చూచి యూరకుండు బంధువర్గము మన దేశమున నింకను పుట్టవలసియున్నది. "వచ్చే యేడు పోవచ్చునులెమ్మా" యని యామెతో పలికిన నాలుకయే నాలుగు మాసములలో సంబంధమును తెచ్చును. ఆమెకు పోవుటకంటె నిలుచుటయే మరల సరిదిద్దుకొన వీలులేని మార్గము. కావున నిరువురు బిడ్డలలో నొకరిని మాత్రమే పంపదగిన కష్టకాలమున, ఆగినచో నెవరి యవకాశము నశించునో వారిని పంపుట న్యాయము. ఎన్ని యిండ్లలో నిట్లు జరిగినదో చదువరులే తమ చుట్టుపట్ల చూచి లెక్కించుకొందురుగాక.

ఋణమును గూర్చి దీర్ఘముగ చెప్పవలసిన పనిలేదు. ఏడున్నర లక్షలు దాటిన విద్యాఋణమునకు ప్రభుత్వరంగ బ్యాంకులు సాధారణముగ నిల్లో పొలమో తాకట్టు కోరును. చదువుకాలమున వాయిదాలు కట్టనక్కరలేదు గాని వడ్డీ మాత్రము రాత్రింబవళ్లు పెరుగును. దానికి మహమ్మారి లేదు. పిల్లవాడు చేయు సాహసమునకు పూచీ తండ్రి యెకరములు. ఇతరుల యాస్తిని పణముగా పెట్టి యాడు జూదమున ధైర్యమను మాటను వాడరాదు. తండ్రి సమ్మతించెను గదా యందురేమో. కుమారుని ముఖము చూచి కాదనలేక చేసిన సంతకమును, లెక్క తెలిసి చేసిన సంతకమును న్యాయస్థానమున నొక్కటియే యగును, ధర్మమున గావు.

1527వ సంవత్సరమున జర్మనీలోని విట్టెన్‌బర్గు పట్టణమున ప్లేగు వ్యాపించెను. అచటి విశ్వవిద్యాలయమును యేనా పట్టణమునకు మార్చిరి. మార్టిన్ లూథరు మాత్రము పట్టణమును విడువక నిలిచి, ప్రాణాంతకమైన తెగులు వచ్చినపుడు పారిపోవుట తగునా యను ప్రశ్నకు సమాధానముగ నొక లేఖను ప్రకటించెను. ఆయన మతముతో మనకిచట ప్రసక్తి లేదు; ఆయన తర్కము మాత్రము గ్రహింపదగినది. ప్రాణభీతి సహజము, పారిపోవుట స్వతః పాపము గాదు. కాని యెవని సేవ యితరులకు విడువరానిదో వాడు తన స్థానమున మరియొకని నిలుపక పోరాదు — ఇది స్థూలముగ నాయన సిద్ధాంతము. పురోహితుడు, న్యాయాధిపతి, వైద్యుడు, తల్లి, తండ్రి, సేవకుడు, యజమాని — అందరి నీ కొలతతోనే కొలిచెను. నిన్ను నమ్ముకొనియున్నవారెవరు? నీవు లేనిచో ఆ పనిని చేయువారెవరు? విదేశవిద్యార్థికి గూడ నింతకంటె సూటియైన పరీక్షను నేనెరుగను.

మన యిండ్లలో నీ పరీక్షకు జవాబు మిక్కిలి సులభముగ దొరకుచున్నది. "అన్నయ్య పోవచ్చును, చెల్లెలు దగ్గరలోనే యున్నది గదా!" "అబ్బాయి పోవచ్చును, కోడలు ఇక్కడనే యుండి అత్తమామలను చూచుకొనును." ఆ చెల్లెలి నెవరైన నడిగిరా? 2021 మే నెల ఆరంభమున దేశమున దినమునకు నాలుగు లక్షలకు మించిన కేసులు నమోదగుచుండగా, ప్రాణవాయువు సిలిండరుకొరకు వరుసలో నిలిచినదెవరు? ఆసుపత్రి ద్వారమువద్ద మంచము దొరకునా యని బ్రతిమాలుకొనినదెవరు? షార్లెట్‌నుండి సొమ్ము పంపిన కుమారుని పేరు ఊరంతయు చెప్పుకొనిరి. పంపుట మంచిపనియే, సొమ్ములేక చచ్చినవారెందరో కలరు. కాని తన పిల్లలను పొరుగింట విడిచి, ముఖమునకు రెండు ముసుగులు కట్టుకొని, తండ్రి మంచముప్రక్కన కూర్చున్న కుమార్తె చేసినదానికి లోకము పేరుపెట్టలేదు. అది యామె చేయవలసినదే యనుకొనినది. లూథరు చెప్పిన ప్రతినిధి, సమ్మతించిన ప్రతినిధి. అడుగకుండ నియమింపబడిన ప్రతినిధిని మన భాషలో వెట్టివాడందుము. ఒకని స్వాతంత్ర్యము వేరొకతె వెట్టిమీద నిలిచినంతకాలము, వాడెంత యున్నతవిద్య నభ్యసించినను వాని నిర్ణయము ధర్మపరీక్షకు నిలువదు.

ఇచట నొక మహనీయుని ప్రసక్తి తేక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ యను జీర్ణవ్యాధిచే మరణించిరి. తామును దానిచే బాధపడిరి. మద్రాసున వైద్యము చదివి, 1920ల మొదటిభాగమున హార్వర్డునకు పోయి, ఆసుపత్రిలో రాత్రివేళ హీనమైన పనులు చేసి పొట్టపోసికొని, 1930లో డాక్టరు పట్టమును పొందిరి. తరువాత లెడర్లీ పరిశోధనశాలయందు వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను; అది సోదరులను చంపిన యా స్ప్రూ వ్యాధి చికిత్సలోనే భాగమైనది. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి మందును వారి బృందమే కనుగొనెను. విదేశవిద్యను సమర్థించువారికి నింతకంటె మంచి యుదాహరణము దొరకదు. వ్యాధి యింటిని దోచుకొనుచుండగా ఇల్లు విడిచి పోయినవాడే ఆ వ్యాధిని జయించెను.

అయితే సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగష్టులో అమెరికాయందే కన్నుమూసిరి. పోవునపుడు విడిచిన భార్య శేషగిరమ్మ గారిని మరల చూడలేదు. తాము పోయిన తరువాత జన్మించిన కుమారుడు తండ్రి చూడకయే శైశవమున మరణించెను. ఈ రెండు మాటలు మన వ్యాసములలో చివర నెక్కడో ఒక వాక్యముగ వచ్చి పోవుచుండును. లోకమునకు గలిగిన లాభమును తక్కెడలో నొక ప్రక్కనుంచి, ఆ యిల్లాలి పాతికయేండ్ల నిరీక్షణమును వేరొక ప్రక్కనుంచి తూచుట నాకు చేతగాదు. తూచి, లాభమే హెచ్చని త్వరగా తేల్చువారిని నేను నమ్మను. ఏలయన, ఆ తూకమున ఇచ్చినది యామె, పుచ్చుకొనినది మనము. మందు పుచ్చుకొని బ్రతికినవారు, ఇచ్చినామె నడుగకయే, "ఆ త్యాగము సార్థకమైనది" యని తీర్పు చెప్పుట మర్యాద గాదు. ఇంకొకటియు గలదు. పోయిన వేలమందిలో సుబ్బారావులెందరు? మహాపురుషుని కార్యమును చూపి సామాన్యుని నిర్ణయమును సమర్థించుట, లాటరీ గెలిచినవానిని చూపి చీట్లు అమ్ముట వంటిది.

న్యూటను కథయు నిట్టిదే. 1665లో ప్లేగు కారణముగ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూయబడగా న్యూటను స్వగ్రామమైన ఊల్స్‌థోర్పునకు పోయి, గణితమునందును కాంతిశాస్త్రమునందును గొప్ప యూహలు గావించెనని 2020లో పత్రికలన్నియు వ్రాసెను. ఇంట కూర్చున్న విద్యార్థికి ఊరట కలిగించుటయే వారి యుద్దేశము గావచ్చును. కేంబ్రిడ్జి విడిచి యిండ్లకు పోయిన తక్కినవారేమి కనుగొనిరో మాత్ర మెవ్వరును వ్రాయలేదు.

ఫలమునుబట్టి నిర్ణయమును తీర్చుట మనకు బాగుగ నలవాటైన దోషము. అమెరికాయందలి భారతీయ విద్యార్థులు 2020-21లో 1,67,582 మంది. 2023-24 నాటికి 3,31,602 మంది యైరి. ద్వారములు మరల తెరువబడినవి, అంతకుముందుకంటె విశాలముగ తెరువబడినవి. ఈ యంకెలను చూచి, 2020లో ఆగినవాడు పిరికివాడనియు, ఆగకపోయినవాడు దూరదర్శి యనియు నిప్పుడు చెప్పుకొనుచున్నారు. అదే యుద్యోగములు దొరకని సంవత్సరము వచ్చినచో, ఆగినవాడే బుద్ధిమంతుడందురు. పాచిక పడిన పిదప నాటకాని తెలివిని పొగడుట సులభము. 2020 జూలైలో నున్నవానికి టీకా యెప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినను తనకు చెల్లునో లేదో తెలియదు. హైదరాబాదునందే తయారైన కోవాగ్జిన్ టీకా వేసికొనిన పిల్లలను, ప్రపంచారోగ్యసంస్థ దాని నింకను గుర్తింపలేదను కారణముచే, 2021 వేసవిలో పలు అమెరికా విశ్వవిద్యాలయములు వేరొక టీకా వేసికొండని కోరెను. ఆ గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చినది, తరగతులు మొదలైన రెండు మాసములకు! ఇట్టి దానిని ముందుగ నూహింపగలవాడు లేడు. తనకు తెలిసినదానిని సత్యముగ తెలిసికొని, తెలియనిదానిని తెలియనిదిగనే యుంచి, బాధ్యులందరితో విచారించి చేసిన నిర్ణయము, తరువాత చెడినను, మంచి నిర్ణయమే. అట్లు చేయనిది, తరువాత కలిసివచ్చినను, అదృష్టము మాత్రమే.

సత్యమను మాట వచ్చినది గనుక దానిని గూర్చి యొకింత నిలిచి చెప్పెదను. రెండవ యుప్పెన వచ్చిన నాళ్లలో విదేశములనున్న పిల్లలకు తల్లిదండ్రులు తమ జబ్బును దాచుట సర్వసాధారణమయ్యెను. "నాన్న నిద్రపోవుచున్నారు" అని తల్లి ఫోనులో చెప్పును. నాన్న ఆసుపత్రిలో నుండును. చెప్పిననేమగును, వాడు రాలేడుగదా, ఊరక కుమిలిపోవును, పరీక్షలు పాడగునని వారి తలపు. రాలేని మాట నిజమే. మన దేశపు నియతవిమానములు 2020 మార్చినుండి 2022 మార్చి 27 వరకు నిలిచియుండి, ప్రత్యేకపు టేర్పాటుల విమానములు మాత్రమే తిరుగుచుండెను. ఇంగ్లండు 2021 ఏప్రిలు 23న మన దేశమును ఎఱ్ఱపట్టికలో చేర్చెను. భారతదేశమునుండి వచ్చువారిపై అమెరికా 2021 మే 4 మొదలు నిషేధము విధించెను. ఆగష్టు 1 తరువాత మొదలగు చదువులకు వచ్చు విద్యార్థులను మాత్రము మినహాయించెను. తండ్రిని చూడవచ్చినవాడు తిరిగి పోగలడో లేదో యెవరికిని తెలియదు. ఈ స్థితిలో తల్లి యబద్ధము ప్రేమచే బుట్టినదే.

కాని యా యబద్ధము కుమారునినుండి దేనిని దోచుకొనినది? వచ్చుటయా, మానుటయా యని తాను నిర్ణయించు నధికారమును. వాడు నెల తరువాత, అంతయు ముగిసిన పిదప, తెలిసికొనును. అప్పటినుండి ఫోనులో "అందరును కులాసా" యను ప్రతిమాటయు వానికి సందేహాస్పదమగును. పిల్లలును తక్కువవారు గారు; ఉద్యోగము పోయినదని, ఒకే గదిలో ఆరుగురు పడుకొనుచున్నారని, జ్వరమున మూడునాళ్లు పండుకొంటినని యింటికి చెప్పరు. ఇరుప్రక్కల నుండియు ప్రేమయే; ఇరుప్రక్కల నుండియు వంచనయే. దూరము కలిగించు నష్టములలో నిది యన్నిటికంటె పెద్దదని నేననుకొందును. ఏలయన విమానములు తిరిగి యెగిరినను ఈ నష్టము పూడదు.

తండ్రి పోయినపుడు కుమారుడు చితికి నిప్పుపెట్టలేకపోయెనని, వీడియోలో చూచి దండము పెట్టెనని, పలువురు విలపించిరి. ఆ దుఃఖమును నేను తేలికచేయను. కాని కర్మకాండకు కుమారుడు లేనిచో తండ్రికి గతి లేదను భయమును పెట్టి పిల్లలను నిలుపువారి వాదమును మాత్ర మంగీకరింపను. ఆ దినములలో పట్టణములందు మతభేదము పాటింపక అపరిచితులైన యువకులు శవములను మోసిరి. కుమార్తెలు కొరవి పట్టిరి. ఆకాశము విరిగి పడలేదు. చనిపోయినవానికి నిప్పుపెట్టువాడు దొరకుచునే యుండును. బ్రతికియున్నవానికి మందుబిళ్ల నందించువాడు దొరకుటయే కష్టము. విచారింపవలసినది దానిని గూర్చి.

ఇంతకు నా తీర్పేమని చదువరులడుగవచ్చును. పోరాదని నేను చెప్పను. మహమ్మారి పేర యౌవనమునంతయు నింట బంధించుటకు వృద్ధులకు హక్కు లేదు. తల్లిదండ్రులను సేవించుటయే జన్మప్రయోజనమను మాట కొడుకు విషయమున నెంత యసత్యమో కూతురి విషయమున నంతే యసత్యము. ఆరోగ్యవంతులైన తల్లిదండ్రులును, తాకట్టులేని ధనమును, ప్రయోగశాలలోనే నేర్వదగిన విద్యయు గలవాడు, ద్వారము తెరిచియుండగా పోవచ్చును. రోగియైన తండ్రియు, నడుగని చెల్లెలును, పొలముమీది ఋణమును, తెరమీది చదువును గలవాడు, ద్వారము తెరిచియున్నను నిలువవలెను. ఈ రెంటికి నడుమనున్న వారే యెక్కువమంది; వారికి నే నొక సూత్రమును చెప్పలేను. ఒక పద్ధతిని మాత్రము చెప్పగలను.

ప్రయాణము నిశ్చయించుటకు ముందొక సాయంకాలము ఇంటివారందరు నొకచోట కూర్చుండవలెను. వంటయింటిలో నున్నవారు గూడ వచ్చి కూర్చుండవలెను. తండ్రి రక్తపోటెంత, ఋణమునకు నెలవడ్డీ యెంత, అర్ధరాత్రి జబ్బుచేసినచో బండి తెచ్చువారెవరు, ఆసుపత్రికి కట్టవలసిన మొదటి లక్ష ఎవరి ఖాతాలోనుండి వచ్చును, పోయినవాడు రాలేని స్థితిలో సంతకము చేయువారెవరు, ఏ జబ్బును ఎన్ని గంటలలోపల వానికి తెలుపవలెను — ఇవన్నియు నొక కాగితముపై వ్రాయవలెను. భారము మోయబోవు చెల్లెలు తన పేరున్న పంక్తిని తానే చదివి, అంగీకరించుటయో కొట్టివేయుటయో చేయవలెను. కొట్టివేసినచో ఆమె నెవ్వరును నిష్ఠురమాడరాదు; ఆ పంక్తిని తన పేరుతో తిరిగి వ్రాసికొనుటకు పోదలచినవాడు సిద్ధముగ నున్నాడా లేదా యని మాత్రము చూడవలెను. మన యిండ్లలో పెండ్లికి లగ్నపత్రికయు, పొలమునకు దస్తావేజును వ్రాయించు పెద్దలు, ఈ కాగితమును వ్రాయించుటకు మాత్రము మొగమాటపడుచున్నారు. అట్లు వ్రాయబూనిన యొకటి రెండిండ్లలో, పెద్దవాడు పోవలెనని మొదలైన మాట చివరకు చిన్నది పోవలెనని ముగియుట నేను చూచితిని.